ఒకే గుట్ట మీద ఇద్దరు



ఏ మాస్టారి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆయన మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పారు. ఏ యుద్ధం పాఠమైనా ఎవరు గెలిచారన్న చోట ఆపేసేవారు కాదు. "పోయినవాళ్ళని ఎవరు మోశారురా?" అని అడిగేవారు. పుస్తకంలో ఉండేది కాదు గనక మాకు జవాబు తెలిసేది కాదు. ఒక్క యుద్ధం విషయంలోనైనా ఆయనకి జవాబు అప్పజెప్పుకోవాలని ఇవాళ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోని బంకర్ హిల్‌ను ఎంచుకున్నాను.

అమెరికన్ చిత్రకారుడు జాన్ ట్రంబుల్ 1786లో ఆ యుద్ధాన్ని బొమ్మగా గీశాడు. ముందు భాగంలో తెల్లబట్టల్లో ఒకతను నేలకొరిగి ఉంటాడు. అతన్ని బాయొనెట్‌తో పొడవబోతున్న సిపాయిని ఒక బ్రిటిష్ అధికారే అడ్డుకుంటుంటాడు. కాస్త వెనక ఎర్రకోటు వేసుకున్న పెద్దాయన కొడుకు చేతుల్లోకి వాలిపోతుంటాడు. కింద పడ్డవాడు డాక్టర్ జోసెఫ్ వారెన్, ఫ్రీమేసన్. వాలిపోతున్నవాడు మేజర్ జాన్ పిట్‌కెయిర్న్, బ్రిటిష్ మెరైన్. 1775 జూన్ 17న బోస్టన్ ఎదుటి గుట్ట మీద ఎదురెదురు పక్షాల్లో దెబ్బతిన్న ఈ ఇద్దరినీ ట్రంబుల్ ఒకే చట్రంలోకి తెచ్చాడు.

మెరైన్ అంటే నావికుడు కాడు, ఓడెక్కిన సిపాయి. ఓడ మీదా పోరాడాలి, ఒడ్డున దిగీ పోరాడాలి. ఇక మేసన్ల సంగతి. ఒకరినొకరు అన్నదమ్ములుగా ఎంచుకునే సంఘం వాళ్ళది, దాని శాఖని లాడ్జి అంటారు. మేసన్లు కూడే గోషామహల్ బారాదరిని ఎరిగిన హైదరాబాదువాళ్ళకి లాడ్జి అన్న మాట కొత్త కాదు. లోపల ఏం చేస్తారో బయటికి చెప్పరని వాళ్ళ మీద అనుమానాలెక్కువ. నాకు మాత్రం ఆ రహస్యాల కన్నా వాళ్ళు బాహాటంగా చేసిన పని ఒకటి ముఖ్యం. దాని దగ్గరికి వస్తాను.

పిట్‌కెయిర్న్ స్కాట్లండ్‌లోని డైసర్ట్ అనే రేవు ఊళ్ళో 1722లో పుట్టాడు. తండ్రి చర్చిలో పాదిరి. మేజరు కొడుకు రాబర్ట్ నౌకాదళంలో చేరి, 1767లో పసిఫిక్‌లో ఒక దీవిని ఓడ మీంచి ముందుగా చూశాడు. అదే పిట్‌కెయిర్న్ దీవి. 1774 చివర్లో మేజరు తన మెరైన్లతో బోస్టన్‌లో దిగాడు. సిపాయిలకీ ఊరివాళ్ళకీ తగువొస్తే న్యాయంగా తీరుస్తాడని ఆయన్ని ద్వేషించాల్సినవాళ్ళు కూడా ఒప్పుకునేవారు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో ముందు నడిచిన దళం మాత్రం ఆయన చేతికిందే ఉంది. కాల్చవద్దనే చెప్పానని ఆయన రాసుకున్నాడు. అక్కడ పేలిన తుపాకులకి 8 మంది ఊరివాళ్ళు చనిపోయారు.

ఆ దళం బయల్దేరుతున్న కబురు ముందురోజు రాత్రి పాల్ రివియర్‌తో పంపించినవాడు వారెన్. హార్వర్డ్‌లో చదివాడు, వైద్యం చేసేవాడు, భార్య పోయి నలుగురు పిల్లలతో మిగిలాడు. 1769 నుంచి అక్కడి మేసన్లలో ఒక వర్గానికి గ్రాండ్ మాస్టర్. రివియర్ ఆయన లాడ్జివాడే, కంసాలి. 34 నిండీ నిండకుండానే వారెన్‌ను మేజర్ జనరల్‌గా ఎన్నుకున్నారు. మూడోరోజే యుద్ధం. గుట్ట మీద నాయకత్వం తీసుకొమ్మంటే వద్దని, తుపాకి పట్టుకుని మామూలు సిపాయిలా వరసలో నిలబడ్డాడు.

పేరుకి బంకర్ హిల్ గానీ పోరు చాలావరకు పక్కనున్న బ్రీడ్స్ హిల్ మీద జరిగింది. రెండుసార్లు ఎగబాకి బ్రిటిష్‌వాళ్ళు వెనక్కి దొర్లారు. మూడోసారికి పైనున్న అమెరికన్లకి తుపాకిమందు అయిపోయింది. గుట్ట చేజిక్కింది గానీ, బ్రిటిష్‌వాళ్ళలో 226 మంది చచ్చిపోయి, 828 మంది గాయపడ్డారు. మెరైన్లను నడిపిస్తూ పిట్‌కెయిర్న్ పడిపోయాడు. కాల్చినవాడు పీటర్ సేలం అంటారు. బానిసగా పుట్టి, సైన్యంలో చేరడానికి విడుదలైన నల్లజాతి మనిషి. తుది ఘట్టంలో వారెన్ ముఖానికి గుండు తగిలింది.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న. పిట్‌కెయిర్న్‌ను మోసింది ఇంకో కొడుకు. తండ్రితో పాటు అదే గుట్టెక్కిన మెరైన్ లెఫ్టినెంటు. పడవ దాకా చేర్చి బోస్టన్‌కి పంపించాడు. "నాన్న పోయాడు" అని కొడుకు అంటే, పోయింది మా అందరి నాన్న అని మెరైన్లు అన్నారట. ఓల్డ్ నార్త్ చర్చి కింద ఆయన్ని పూడ్చారు. రెండు నెలల కిందట ఏ చర్చి గోపురంలో రెండు లాంతర్లు వెలిగించి ఆయన సైన్యం కదలికను అవతలి ఒడ్డుకి తెలిపారో, అదే చర్చి.

వారెన్‌ను మోయడానికి కొడుకులింకా పసివాళ్ళు. బ్రిటిష్‌వాళ్ళు ఇంకో శవంతో కలిపి గుంతలో కప్పెట్టారు. 1776 మార్చి 17న వాళ్ళు బోస్టన్ ఖాళీ చేశాకే ఆయన తమ్ముళ్ళూ మిత్రులూ గుట్ట మీద వెతకగలిగారు. పది నెలలు మట్టిలో ఉన్న మనిషి. ముఖం లేదు, బట్టల్లేవు. రివియర్ వంగి దవడ చూశాడు. అందులో కట్టుడు పన్ను, దాన్ని బిగించిన తీగ. కంసాలికి తన మెలిక తనకి తెలుసు. ఆ తీగ తను కట్టిందే. ఏప్రిల్ 8న లాడ్జి సోదరులు ఊరేగింపుగా వెంట నడవగా కింగ్స్ చాపెల్లో అంత్యక్రియలు జరిగాయి. 1794లో ఆ గుట్ట మీద మొట్టమొదటి స్తంభం నిలబెట్టింది కూడా చార్లెస్‌టౌన్ మేసన్ల లాడ్జే. చెక్కతో చేసింది, 18 అడుగులు. ఇవాళ మనం చూసే 221 అడుగుల రాతి స్తంభం ఆ తర్వాతది. 1825లో దాని శంకుస్థాపనకి వచ్చిన ఫ్రెంచి సేనాని లాఫయెట్ కూడా మేసనే.

అన్నదమ్ములమని చెప్పుకోవడం తేలిక. గుంతలోకి వంగి దవడ చూడటం కష్టం. ఆ సోదరత్వానికి నేను దండం పెడతాను. కానీ దానికి గడప ఉంది. ఆ కాలపు బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే స్వతంత్ర నల్లజాతి పెద్దమనిషినీ, మరో 14 మందినీ మేసన్లుగా చేర్చుకుంది ఊళ్ళో లాడ్జి కాదు, బ్రిటిష్ పటాలంతో తిరిగే లాడ్జి. యుద్ధం ముగిశాక వాళ్ళకి సొంత లాడ్జి పట్టా 1784లో లండన్ నుంచే మంజూరైంది.

పీటర్ సేలం యుద్ధమంతా బతికి బయటపడ్డాడు. 1816లో ఫ్రేమింగ్‌హామ్ ఊరి అనాథల ఆశ్రయంలో చనిపోయాడు. ఆయన సమాధి మీద ఆ ఊరు రాయి పెట్టించింది 1882లో.