ఊపిరి దారి చూసి చెయ్యి వేయండి

  

పిల్లలూ, నేను పశువైద్యురాలిని. సర్వీసులో సగం ఆవులూ గేదెలతో గడిచింది, మిగతా సగాన్ని పాకే ప్రాణులు లాగేసుకున్నాయి. కాళ్లు కట్టేసి గోనెసంచిలో తెచ్చిన ఉడుమును మొదటిసారి బల్ల మీద పెట్టినప్పుడు, ఆవు దగ్గర నేర్చిన విద్య అక్కరకు రాలేదు. మత్తు ఇద్దామని మాస్కు పెడితే ఊపిరి బిగబట్టి నన్నే చూస్తూ కూర్చుంది. సరీసృపాలు చాలాసేపు అలా ఉండగలవు. చివరికి గొట్టం వేయాల్సి వచ్చింది. అది మాత్రం సులువే. నోరు తెరిస్తే శ్వాసద్వారం నాలుక వెనకే కనిపిస్తుంది.

మీరు డిగ్రీలో తొండ పాఠం చదివారు. బల్లి జాతికి పరుగూ ఊపిరీ ఒకేసారి కుదరడం కష్టం. ఒంటిని అటూ ఇటూ వంచే కండరాలే పక్కటెముకలనూ కదపాలి. డేవిడ్ క్యారియర్ 1987లో ఈ చిక్కును వివరించాడు. ఉడుము దీనికో ఉపాయం కనిపెట్టుకుంది. గొంతు ఉబ్బించి, ఆ గాలిని లోపలికి నొక్కుతుంది. 1999లో పరిశోధకులు ఉడుములను ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఎక్స్‌రే వీడియోలు తీసి ఈ సంగతి చూపించారు. నోరు మూసుకోనివ్వకుండా అడ్డుపెడితే ఆ పంపు పనిచేయలేదు. 2013 చివర్లో ఇంకో వింత బయటపడింది. ఆఫ్రికా సవన్నా ఉడుము ఊపిరితిత్తుల్లో, పీల్చినా వదిలినా, చాలా దారుల్లో గాలి ఒకే దిక్కుకు సాగుతుందట! పక్షులకే సొంతమనుకున్న ఈ ఏర్పాటు 2010లో ఆలిగేటర్లలో దొరికింది, ఆ తర్వాత ఉడుములో.

ఇదంతా మార్కుల కోసం చెప్పడం లేదు. ఉడుమును గొంతు నొక్కి మోసుకొచ్చే మనిషికి తాను దాని పంపు మూసేశానని తెలియదు. నా దిగులంతా అక్కడే. చెడ్డవాళ్ల సంగతి చట్టం చూసుకుంటుంది, 1972 నాటి వన్యప్రాణి చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులోనే ఉంది. నన్ను భయపెట్టేది మంచివాళ్లు. నాగుల పంచమి వస్తే నాకు దడ. పాము ఆహారం పాలు కాదు. నీళ్లివ్వకుండా ఎండగట్టిన పాము ఏది పోసినా మింగుతుంది. చాలా పాముల్లో ఎడమ ఊపిరితిత్తి పేరుకే ఉంటుంది, కొన్నిటికి అసలే ఉండదు. ఉన్న ఒక్కదాంట్లోకి పాలు దిగితే న్యుమోనియా. మనకున్న డయాఫ్రం వాటికి లేదు, గట్టిగా దగ్గి బయటికి నెట్టలేవు. పోసినవారు పుణ్యం లెక్కేసుకుంటూ ఇంటికి వెళ్తారు, పాము నా బల్ల మీదికి వస్తుంది. తాబేలు కథా అంతే. దాని ఊపిరితిత్తులు డిప్ప కిందే, వీపు వైపు ఉంటాయి. ముద్దుగా ఉందని వెల్లకిలా తిప్పితే కడుపులోని బరువంతా వాటి మీదే పడుతుంది.

నవ్వుతున్నారా? వెళ్లి మీరే చూడండి. హైదరాబాద్ బహదూర్‌పురా జూ 1963 నుంచి మీ గుమ్మంలోనే ఉంది. మీ బార్కస్ నుంచి ఆటో ఎక్కితే చాలు. మీలో ఎంతమంది సరీసృపాల దగ్గర అయిదు నిమిషాలు కదలకుండా నిలబడ్డారు? సెల్ఫీ దిగడం, మండీ తినడానికి వెనక్కి పరుగెత్తడం! పుస్తకంలో బొమ్మ ఊపిరి తీయదు, తల్లీ. జంతువు తీస్తుంది. దాని గొంతు ఎప్పుడు ఉబ్బుతోందో, పక్కలు ఎప్పుడు కదులుతున్నాయో చూడ్డానికి ట్యూషన్ అక్కర్లేదు.

మీలో కొందరు టీచర్లవుతారు, కొందరు ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో చేరతారు. ఎవరికి సాయం చేయబోయినా, ముందు వాళ్ల ఊపిరి ఎటునుంచి ఆడుతోందో చూడండి. మీ మాస్టార్లు మూడేళ్లు మీ నోట్లో నోట్సు పోశారు, దగ్గగలరు కాబట్టి బతికిపోయారు. ఇప్పుడు నేనూ పోస్తున్నాను. రేపు మీ తరగతిలో కూర్చునే పిల్లలందరికీ ఆ దగ్గు రాదు.

పట్టా తీసుకోండి, ఫొటో దిగండి. వచ్చే పంచమికి మీ గల్లీలో ఎవరైనా పాల గిన్నెతో పాము ముందు కూర్చుంటే, ఉపన్యాసం తర్వాత, ముందు గిన్నె లాక్కోండి. ఆ పాలతో చాయ్ పెట్టి ఆయనకే ఇవ్వండి. తాగుతున్నంతసేపూ ఎక్కడికీ కదలడు. అప్పుడు చెప్పండి.