శాసనము వెనుకనున్న ఆక్రందన



నిన్నటి ప్రసంగానంతరము ఒక గృహస్థు నన్ను ఇట్లు ప్రశ్నించెను: “అయ్యా! మనకు వేదము కలదు, స్మృతులు కలవు. ధర్మము సనాతనమని మీరే చెప్పుచున్నారు. అట్లయిన ప్రభుత్వములు మరల మరల క్రొత్త చట్టములు చేయుట ఎందులకు? నిన్న తప్పు కానిది నేడు నేరమెట్లగును?” ప్రశ్న సమంజసమైనది. నేటి ప్రసంగమంతయు దానికి సమాధానమే.

రాజు ఎట్లు పుట్టెనని శాంతిపర్వమున ధర్మరాజు భీష్ముని అడిగెను. అంపశయ్యపైనున్న పితామహుడు చెప్పినది వినుడు. తొలుత కృతయుగమున రాజ్యము లేదు, రాజు లేడు, దండనము లేదు, దండించువాడును లేడు. జనులు ధర్మము చేతనే ఒకరినొకరు కాపాడుకొనుచుండిరి. పిమ్మట మోహము ప్రవేశించినది. మోహము వెంట లోభము, లోభము వెంట కామము వచ్చినవి. అప్పుడు దేవతలు శరణు వేడగా బ్రహ్మ లక్ష అధ్యాయముల నీతిశాస్త్రమును నిర్మించెను. మానవుల ఆయుష్షు అల్పమగుటచే శివుడు దానిని పదివేల అధ్యాయములకును, ఇంద్రుడు ఐదువేలకును, బృహస్పతి మూడువేలకును, శుక్రుడు వెయ్యికిని సంగ్రహించిరి. నారదస్మృతియు ఈ భావముతోనే ఆరంభమగును: మనుష్యులు సత్యవాదులైయున్నంతకాలము న్యాయస్థాన వ్యవహారము లేదు, ధర్మము క్షీణించిన పిదపనే అది పుట్టినది.

కనుక శాసనము ధర్మమునకు పోటీగా వచ్చినది కాదు. గట్టు తెగిన చోటనే కదా రైతు మట్టి వేయును! క్రొత్త చట్టము ఎక్కడ వచ్చినదో అక్కడ మన గట్టు తెగినదని తెలిసికొనవలెను.

తెగినదని లోకమునకు తెలియుట ఎట్లు? బాధపడినవాని మొర వలన. ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. ఆ మహర్షి మౌనవ్రతుడై తపస్సు చేసికొనుచుండగా దొంగలు తాము దోచిన సొత్తును ఆయన ఆశ్రమమున దాచి, తామును దాగిరి. రాజభటులు అడిగిన ఆయన పలుకలేదు. సొత్తు దొరకినది. రాజు సరిగా విచారింపక ఆయనను గూడ శూలమునకు ఎక్కించెను. తపోబలముచే ప్రాణము నిలిచినది గాని శూలపు మొన దేహమందే ఉండిపోయినది. ఆయన ధర్ముని సన్నిధికేగి, “నేను చేసిన పాపమేమి?” అని నిలదీసెను. బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చితివని ధర్ముడు చెప్పెను. “తెలియని వయసున చేసిన చిన్న తప్పునకు ఇంత దండనమా?” అని ఋషి ధర్ముని శపించెను, అతడే విదురుడై జన్మించెను. అంతతో ఆగక, పదునాలుగేండ్లు నిండువరకు చేసినది పాపముగా లెక్కింపరాదని ఋషి క్రొత్త మర్యాదను స్థాపించెను. చూచితిరా! ఆ నియమము బాధపడిన దేహమునుండి పుట్టినది.

ఇప్పుడు మన ఇండ్లలోనికి వత్తము. నూటముప్పది ఏండ్ల క్రిందట మన ఉత్తరాంధ్రమున ఆడపిల్లకు వెల కట్టి, ధనము పుచ్చుకొని, ముసలివారికిచ్చి పెండ్లి చేయు దురాచారముండెడిది. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ నాటకము ఆ సందర్భమున పుట్టినదే. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన అట్టి వివాహముల పట్టిక వ్రాయింపగా అవి 1,034గా తేలినవని గురజాడ అప్పారావుగారు దాని పీఠికలో తెలిపిరి. ఆ వధువులలో ఏడాది, రెండేండ్ల పసికందులును ఉండిరి. కన్యకు శుల్కము రవ్వంతయు గ్రహింపరాదని, గ్రహించినవాడు సంతానమును అమ్ముకొన్నవాడగునని మనువు ఏనాడో చెప్పెను. శాస్త్రము ఇంటిలోనే ఉన్నది, ఆచరణ లేదు. కనుకనే 1929లో శారదా చట్టము వచ్చి, పదునాలుగేండ్లలోపు బాలికల వివాహమును శిక్షార్హము చేసినది. ఆనాడు దానిని ఎదిరించినవారిలో నావంటి శాస్త్రము చదివినవారు పెక్కురుండిరని చెప్పుటకు నేను సంకోచింపను.

శుల్కము పోయి కట్నము వచ్చినది. అమ్మకము ఆగలేదు, సరకు మారినది. ఆంధ్రప్రదేశ్ 1958లోను, కేంద్రము 1961లోను వరకట్నమును నిషేధించినవి. లోభము చట్టమునకు సందులు వెదకినది. కట్నము కాదనిరి, కానుక అనిరి. అందుచే 1985లో కానుకల జాబితా వ్రాసి సంతకములు చేయవలెనని నియమము వచ్చినది. కోడండ్రు అగ్నికి ఆహుతి యగుచుండగా, 1983లో అత్తింటి క్రూరత్వమును, 1986లో వరకట్న మరణమును ప్రత్యేక నేరములుగా చేసిరి. వివాహమైన ఏడేండ్లలోపు వధువు అసహజముగా మరణించి, అంతకు ముందు కట్నము కొరకు ఆమెను వేధించినట్లు రుజువైనచో శాసనము భర్తను, బంధువులను దోషులుగా భావించును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఈ నిబంధనలు నిలిచియున్నవి. ఆ “ఏడేండ్లు” అను మాటను వ్రాసినది శాసనకర్తల కలమే గాని, వ్రాయించినది దగ్ధమైన ఆడబిడ్డల ఆక్రందన. ఇన్ని చట్టములున్నను 2022లో మన దేశమున 6,000కు పైగా వరకట్న మరణములు నమోదైనవి.

నిరపరాధి నొప్పియు ధర్మమునకు నొప్పియే. మాండవ్యుని మరువరాదు. ఇట్టి కేసులలో విచక్షణ లేక అరెస్టులు చేయరాదని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది అందులకే. శాసనమునకు కన్నును ఉండవలెను, చెవియు ఉండవలెను.

“సాలంకృత కన్యాదానమని శాస్త్రమే చెప్పినది కదా” అని కొందరు కట్నమును సమర్థింతురు. బ్రాహ్మవివాహమున తండ్రి శ్రుతశీలములు గల వరుని తానై ఆహ్వానించి, అలంకరించిన కన్యను ఇచ్చును. వరుడు అడుగుట అందు లేదు. స్త్రీధనమును, ఆమె వాహనమును, వస్త్రమును మోహముచే అనుభవించు బంధువులు అధోగతి పొందుదురని మనువు మూడవ అధ్యాయమున చెప్పెను. కట్నము ఎవరి చేతికి వచ్చినను మూడు నెలలలోపు వధువునకు అప్పగింపవలెనని నేటి చట్టము చెప్పుచున్నది. భాష వేరు, భావమొక్కటే.

ఇక నా తప్పును చెప్పవలెను. సుమారు నలువది ఏండ్ల క్రిందట ఒక వివాహమున కన్యాపక్షమున నేను పౌరోహిత్యము వహించితిని. పిల్ల గౌరీపూజలో ఉన్నది. కట్నపు బాకీయు, స్కూటరును రానిదే వరుడు పీటలపై కూర్చుండడని వరుని తండ్రి పట్టుబట్టెను. పిల్ల తండ్రి చేతులు జోడించి నిలిచెను. ఆ మండపమున శాస్త్రము తెలిసినవాడను నేనే. నేనేమంటిని? గడియారము చూచి, “లగ్నము దాటిపోవుచున్నది, త్వరగా తేల్చుకొనుడు” అంటిని. పిల్ల తల్లి తన చేతి గాజులు తీసి పళ్లెరమున పెట్టినది. నేను మంగళాష్టకములు చదివితిని. నా కంఠము తడబడలేదు. అది తడబడకపోవుటయే నేడు నాకు సిగ్గు. ఆ దంపతులు సుఖముగా ఉన్నారని తరువాత వింటిని. అది ఆ తల్లి పుణ్యము, నాది కాదు. మాండవ్యుని మౌనము వ్రతము. నా మాట పిరికితనము.

ధర్మమందు, అర్థమందు, కామమందు ఈమెను అతిక్రమింపనని వరుడు అగ్నిసాక్షిగా పలుకును. లగ్నమునకు ముందే ధనము కొరకు ఆమె తల్లిదండ్రులను పీడించినవాడు అర్థమందు అప్పటికే అతిక్రమించినవాడు కాడా?

కావున కుమారులు గల తల్లిదండ్రులారా! అడుగకుడు. కుమార్తెలు గల తల్లిదండ్రులారా! అడిగినవానికి ఈయకుడు, నేడు అడిగినవాడు రేపును అడుగును. నాతోటి పురోహితులారా! బేరము జరుగుచోట పీటపైనుండి లేవుడు. లగ్నము మరల వచ్చును.

ప్రశ్నించిన గృహస్థునకు నా సమాధానమిది. నిన్న తప్పు కానిది నేడు నేరమగుట లేదు, నాయనా! నిన్నయు అది తప్పే. బాధితుల మొర మన చెవికి నేటికి చేరినది. మన ఇంటి గడప లోపల ఆ మొరను మనమే విన్నచో శాసనము గడప దాటి రావలసిన పని ఉండదు.

స్వస్తి.