న్యాయవాది కావడానికి చదువు దారి

భారతదేశంలో న్యాయవాద వృత్తికి ఆధారం 1961 నాటి అడ్వకేట్స్ చట్టం; ఆ చట్టం కింద ఏర్పడిన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన న్యాయశాస్త్ర పట్టా, అనగా ఎల్‌ఎల్‌.బి., ఉన్నవారే ఈ వృత్తిలో ప్రవేశించగలరు. ఇంటర్మీడియట్ ముగించినవారికి ఐదేళ్ల కోర్సు, డిగ్రీ ఉన్నవారికి మూడేళ్ల కోర్సు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వీటికి లాసెట్ అనే ప్రవేశ పరీక్ష జరుగుతుండగా, హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం వంటి జాతీయ సంస్థల ఐదేళ్ల కోర్సులో చేరడానికి క్లాట్ రాయవలసి ఉంటుంది.

పట్టా చేతికి వచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు నమోదు కావాలి. దీనినే ఎన్‌రోల్‌మెంట్ అంటారు. చట్టం నిర్దేశించిన నమోదు రుసుము 750 రూపాయలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 125 రూపాయలే అయినా, పలు రాష్ట్రాలలో వేల రూపాయలు వసూలు చేస్తూ రాగా, అంతకు మించి తీసుకోరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేద కుటుంబాల నుంచి వచ్చే మొదటి తరం న్యాయవాదులకు ఎంతో కాలం ముందే అందవలసిన ఊరట ఇది. నమోదైనవారు అఖిల భారత బార్ పరీక్షలో కూడా ఉత్తీర్ణులు కావాలి.

అసలైన విద్య ఆ తరువాత, అనుభవజ్ఞుడైన న్యాయవాది దగ్గర జూనియరుగా చేరినప్పుడే మొదలవుతుంది. వకాల్తా, అనగా తన తరఫున వాదించమని కక్షిదారు ఇచ్చే అధికార పత్రం, దాఖలు చేయడం నుంచి, దావా రాయడం, ఎదుటి పక్షం సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రశ్నించడం వరకు అన్నీ అక్కడే అలవడతాయి. ఆదాయం నామమాత్రంగా ఉండే ఆ తొలి సంవత్సరాలలోనే ఎందరో ప్రతిభావంతులు వృత్తిని వదిలిపోతున్నారు.