పొట్ట ఆపరేషనైనవారి వాటా పాలు
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బరువు తగ్గేందుకు పొట్ట ఆపరేషను చేయించుకొన్నవారు మన పల్లెల్లోనూ కనబడుతున్నారు. వారికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు జీవితాంతం కావాలి. లేకుంటే కండ కరుగుతుంది, నీరసం పట్టుకొంటుంది.

పొట్ట చిన్నది. చోడి అంబలితో నింపితే మరి చోటుండదు. కనుక ముందు గుడ్డు, చేప, పప్పు. అన్నం ఆ తరువాతే. గుడ్డులో 6 గ్రాములు, పావు లీటరు గేదె పాలలో సుమారు 9 గ్రాములు ఉంటాయి. పాలు పడనివారికి పెరుగు మేలు. మూత్రపిండాల జబ్బుంటే డాక్టరు చెప్పిన కొలతే.

ఇంట టీకి మాత్రం ఉంచి మిగతాదంతా కేంద్రానికి పోసే అలవాటు మాకూ ఉంది. అటువంటి మనిషి ఇంట్లో ఉంటే, అర లీటరు తీసిపెట్టాకే క్యాను ఎత్తండి. ఏటా రక్తపరీక్ష మానవద్దు.