ప్రాసిక్యూటర్ ఎవరి మనిషి?



నా పరిశోధన అట్రాసిటీ కేసుల మీద. ఒకరోజు కోర్టు వరండాలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని చూపించి, "అమ్మా, ఆయన మన లాయరా, గవర్నమెంటు లాయరా?" అని అడిగింది. ఎఫ్‌ఐఆర్ రాయకుండా ఆవిడను రోజుల తరబడి స్టేషన్ చుట్టూ తిప్పారు. "మన తరఫున వాదించే గవర్నమెంటు లాయరు" అన్నాను. "మరి ఎస్సై మీద కూడా వాదిస్తాడా?" అంది. నాకు జవాబు దొరకలేదు. ఈరోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

న్యాయవ్యవస్థను కార్యనిర్వాహక వ్యవస్థ నుంచి వేరు చేయాలని 1948 నవంబర్‌లో బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో ప్రతిపాదించారు. అదే నేటి 50వ అధికరణ. అది జడ్జిని ప్రభుత్వం నుంచి విడదీసింది. ప్రాసిక్యూటర్ మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాడు. ఏ సాక్షిని పిలవాలి, అప్పీలుకు వెళ్లాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది.

అట్రాసిటీ చట్టంలో 4వ సెక్షన్ చూడండి. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వ ఉద్యోగి కావాలని విధి విస్మరిస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ఎఫ్‌ఐఆర్ రాయకపోవడం కూడా విధి విస్మరించడమే. కానీ అదే సెక్షన్‌లో ఒక షరతు ఉంది: శాఖాపరమైన విచారణ సిఫార్సు చేస్తేనే అభియోగం. అంటే అధికారి తప్పు చేశాడో లేదో ముందు మరో అధికారి తేల్చాలి. తాళం వేసినవాడి చేతికే తాళంచెవి ఇచ్చారు.

1995 నిబంధనల్లో ఒక చిన్న దారి ఉంది. బాధితులు కోరితే జిల్లా మేజిస్ట్రేట్ పేరున్న సీనియర్ న్యాయవాదిని నియమించవచ్చు. "నియమించవచ్చు" మాత్రమే, "నియమించాలి" కాదు.

చుండూరు గుర్తు తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని, మేం నమ్మే ప్రాసిక్యూటరే కావాలని బాధితులు ఏళ్ల తరబడి పోరాడారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. కాబట్టి ప్రాసిక్యూటర్ ఒక్కడే చాలని నేననను. కానీ ఆ పోరాటం లేకపోతే మొదటి తీర్పు కూడా వచ్చేది కాదని నా నమ్మకం.

స్వతంత్ర ప్రాసిక్యూటర్ ఎవరికి జవాబుదారీ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాటర్‌గేట్ తర్వాత అమెరికా 1978లో అలాంటి చట్టం చేసింది. 1988లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయినా అదుపు లేని అధికారమన్న విమర్శల మధ్య 1999లో అది ముగిసిపోయింది. అందుకే నేను అడిగేది ఎవరికీ జవాబు చెప్పనివాణ్ణి కాదు. బాధితుల సమ్మతితో నియమితుడై, కోర్టు అనుమతి లేకుండా తొలగించడానికి వీల్లేనివాణ్ణి. అధికారులపై అభియోగానికి శాఖ సిఫార్సు అక్కర్లేకుండా ప్రత్యేక కోర్టే నిర్ణయించాలి.

అప్పుడు ఆ పెద్దావిడకు నేను తడబడకుండా చెప్పగలను: "అవునమ్మా, ఎస్సై మీద కూడా వాదిస్తాడు."

జై భీమ్.