పరదేశయాత్రకు పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావించిన ప్రసంగ పాఠము)



తెలుగు కావ్యములలో మిక్కిలి చౌకగా దూరయాత్ర చేసినవాడెవడని యడిగినచో ప్రవరుని పేరు చెప్పవలసియుండును. అల్లసాని పెద్దనగారి మనుచరిత్రములోని యీ గృహస్థునకు తీర్థములు చూడవలెనని కోరిక మెండు, తీరిక లేదు. ఒకనాడు సిద్ధుడొకడు అతిథిగా వచ్చి తాను చూచిన దేశముల వింతలు చెప్పి, పాదములకు పసరు పూసి పోయెను. బండికూలి లేదు, సత్రవు ఖర్చు లేదు, దారిబత్తెము లేదు. తలచినంతనే హిమాలయము! అయితే మధ్యాహ్నమునకు మంచు కరగి, ఆ నీటితో పాటు పసరును కరగిపోయెను. పోవుటకైన ఖర్చు సున్న. వచ్చుటకు దారి లేదు. తరువాతి ఘట్టమును పండితులు శృంగారమునకు ఉదాహరణముగా చూపుదురు. లెక్కలు వ్రాయువాని కంటికి మాత్రము అది తిరుగు ప్రయాణపు పద్దు వేసికొనక బయలుదేరినవాని కథ. కడపట ప్రవరుడు అగ్నిదేవుని ప్రార్థించి యిల్లు చేరెను. అట్టి పరపతి అందరికిని ఉండదు.

ఈ డెల్టా ప్రజలకు దూరప్రయాణము కొత్త గాదు. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని చెప్పుకొన్న కాలముననే యాత్రికులు ఉత్తరాభిముఖులై నడచిరి. సముద్రయానమును కొత్త గాదు. కోరంగి రేవు 1789, 1839 సంవత్సరముల తుఫానులలో దెబ్బతిని వన్నె తరిగినను, దాని పేరు బర్మాలో నిలిచినది. అచ్చట తెలుగు కూలీలను ‘కోరంగీ’లని పిలిచెడివారు. కాకినాడ నుండి రంగూనుకు పొగయోడలు నడచిన దినములలో ‘రంగము పోవుట’ యనునది ఇంటింటి మాట. ఓడ పైతట్టున డెక్కు టిక్కెట్టుపై కూర్చుండి పోయినవారు వేడుక కొరకు పోలేదు, పొట్టకొరకు పోయిరి. మేస్త్రీ యిచ్చిన బయానాతో ఓడ యెక్కి, దిగిన నాటినుండి ఆ బాకీ తీర్చుటకే రెక్కలు ముక్కలు చేసికొన్నవారు అనేకులు. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడినపుడు ఓడలలో చోటు దొరకనివారు కొండలును అడవులును దాటి కాలినడకను స్వదేశము చేరవలసివచ్చెను. త్రోవలోనే రాలిపోయినవారు వేలకొలది. ఇంటినుండి దూరమున నున్నవానికి తిరిగివచ్చు సొమ్ము చేతనుండుట యెంత ముఖ్యమో ఆ తరమువారికి ఒకరు చెప్పవలసిన పని లేకపోయెను.

ఇప్పటి సంగతి వేరు. విదేశమనగా వేడుకకును, తీర్థమునకును, పిల్లలను చూచి వచ్చుటకును పోవు చోటైనది. సంతోషింపదగిన విషయమే. అయితే పొదుపు అనగానే అందరి దృష్టియు టిక్కెట్టు ధరపై పడును. రెండువేలు తగ్గెనా, మూడువేలు తగ్గెనా యని వారములతరబడి వెదకుదురు. అదే ఇంటివారు ప్రయాణపు సొమ్మును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెత్తురు!

ఒక కుటుంబము రెండులక్షలు అట్లు తెచ్చినదనుకొందము. నెలకు నాలుగువేలు వడ్డీ. మూడేండ్లకు అసలు తీర్చిరేని, చక్రవడ్డీ మాట తలపెట్టకున్నను, వడ్డీ క్రిందనే 1,44,000 రూపాయలు పోవును. పదిదినముల యాత్రకు మూడేండ్ల శిస్తు! ఆ కుటుంబమే నెలకు 5,000 చొప్పున తపాలా కార్యాలయములోనో సహకార సంఘములోనో వేసికొన్నచో ఇరువదినాలుగు నెలలకు అసలే 1,20,000 అగును. వడ్డీ తమకు వచ్చునే గాని తమ నుండి పోదు. చీటీల మాటయు ఇట్టిదే. లక్షరూపాయల చీటీని తొందరపడి ఇరువదివేల తగ్గింపునకు పాడినవాడు ఎనుబదివేలు పుచ్చుకొని కడవరకు కంతులు కట్టుచుండును. చీటీ వేసి యాత్రకు పోదలచినవాడు కడపటి నెలలవరకు ఓపికపట్టవలెను. రెండేండ్లు ఆగినంతమాత్రమున హిమాలయము కదలిపోదు.

ఇక ఏ దేశమునకు పోవలెను? ఈ ప్రాంతపువారికి అన్నిటికంటె అందుబాటులోనున్న పరదేశము నేపాళము. 1950 జూలై 31న జరిగిన ఒడంబడిక నాటినుండి రెండు దేశముల ప్రజలకును రాకపోకల సౌకర్యము కలదు. భారతీయునకు వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని చాలును. కొందరు ఆధారు కార్డును మాత్రమే నమ్ముకొని పోయి విమానాశ్రయమున చిక్కుపడుట కలదు, జాగ్రత్త వహింపవలెను. కనుక నేపాళమొక్కటి చూచి వచ్చువారు పాస్‌పోర్టు రుసుము సైతము మిగుల్చుకొనవచ్చును. ఇతర దేశములకు పోదలచువారు భీమవరములోని పాస్‌పోర్టు సేవాకేంద్రములో ముందుగానే దరఖాస్తు పెట్టుకొనుట మేలు. 2012లో సవరించిన లెక్క ప్రకారము సాధారణ రుసుము 1,500 రూపాయలైనచో, తత్కాలు పద్ధతిన 3,500. ఆ రెండువేలు కేవలము బద్ధకమునకు చెల్లించు జరిమానా.

నాణెపు మారకమునందును నేపాళము సులభము. 1993 నుండి నూరు భారత రూపాయలకు నూటయరువది నేపాళ రూపాయలని స్థిరముగా నున్నది. ఎవరైన అంతకు తక్కువ యిచ్చిరేని అది వారి లాభమని గ్రహింపవచ్చును. భారతదేశపు పెద్దనోట్లను తీసికొనిపోవుటను గూర్చిన నియమములు మాత్రము పలుమార్లు మారినవి. బయలుదేరుటకు ముందు బ్యాంకులో విచారించి, నూరురూపాయల నోట్లు కొన్ని దగ్గర నుంచుకొనుట క్షేమము.

అరువది దాటిన రైతుదంపతులు ముక్తినాథము చూడదలచిరనుకొందము. వారి ఇంట దేవతార్చన పెట్టెలో తాతలనాటి సాలగ్రామము కలదు. నిత్యము అభిషేకము జరుగుచున్నది. ఆ సాలగ్రామము పుట్టిన గండకీనదిని ఆ ఇంట చూచినవారు లేరు. ఇట్టి కోరికను వ్యర్థవ్యయమని త్రోసివేయుట లెక్కలు తెలిసినవాని పని గాదు. దానిని నెరవేర్చు మార్గము చూపుటయే అతని పని.

మొదట కాలనిర్ణయము. సార్వా నాట్లు ముగిసి కలుపుతీతలు తీరిన పిమ్మట, కోతలకు ముందు రైతుకు కొంత తీరిక దొరకును. కొండలలోనప్పుడు వానలు వెనుకపట్టును. అయితే నేపాళములో దశైను పేర జరుగు దసరా పండుగకు అందరును స్వగ్రామములకు పోవుదురు గనుక బస్సులు క్రిక్కిరిసియుండును. ఆ పక్షము దాటిన పిమ్మట పోవుట మంచిది. గోదావరి డెల్టాకు అది తుఫానుల కాలమని, పైరును విడిచి పోలేమని జంకువారికి మరియొక అదను కలదు. దాళ్వా ధాన్యము ఇల్లు చేరి కాలువలు కట్టివేయు దినములలో, పిల్లలకు బడులు మూయకముందే బయలుదేరవలెను. బడులు మూసిన మరునాటినుండి రైళ్లలో చోటుండదు.

రైలులో నిద్రించు తరగతి మేలు. విజయవాడ మీదుగా గోరఖ్‌పూరునకు రైలు కలదు. అచ్చటినుండి సరిహద్దుననున్న సునౌలీ నూరు కిలోమీటర్ల లోపు. దాటినంతనే భైరహవా, ప్రక్కనే బుద్ధభగవానుడు జన్మించిన లుంబిని. రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి నూటయిరువది దినములకు బదులు అరువది దినములకు తగ్గించిరి. ఆ అరువదవనాడు ఉదయముననే టిక్కెట్టు తీసికొన్నవానికి దళారితో పని యుండదు. వృద్ధులకు పూర్వముండిన రైలు రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయినది గనుక దానిని నమ్మి లెక్క వేయరాదు.

భోజనము విషయమున గోదావరి జిల్లాల యాత్రాబృందములు చిరకాలముగా అనుసరించు పద్ధతియే ఉత్తమము. పదునైదుగురు ఇరువదిమంది కలసి, వంటవానిని వెంటబెట్టుకొని, బియ్యము, కందిపొడి, చింతపండు మోసికొనిపోవుట. ఖర్చు తగ్గుట యటుండనిండు, పెద్దవారి కడుపు చల్లగా నుండును. విమానమెక్కువారు మాత్రము ఆవకాయ సీసాను చేతిసంచిలో పెట్టరాదు. ద్రవపదార్థములు నూరు మిల్లీలీటర్లకు మించినచో తనిఖీ అధికారి ఊట తేలిన ఆ సీసాను బుట్టలో వేయును. ఇంటి ఇల్లాలి వేసవి కష్టమంతయు అచ్చటనే ముగియును.

ఇట్లు పొదుపు చేయుటకు పలు తావులు కలవు. చేయరాని తావును ఒకటి కలదు. అది నిదానముగా వినదగినది. డెల్టా గ్రామములు సముద్రమట్టమునకు కొలది మీటర్ల యెత్తున నున్నవి. పోఖరా ఎనిమిదివందల పైచిలుకు, జోమ్‌సోమ్ రెండువేల ఏడువందల పైచిలుకు, ముక్తినాథము మూడువేల ఏడువందల మీటర్ల పైచిలుకు. పైకి పోయినకొలది గాలి పలుచబడును; తలనొప్పి, వాంతి, ఆయాసము పుట్టును. మూడువేల మీటర్లు దాటిన పిమ్మట రాత్రి బసను దినమునకు అయిదువందల మీటర్లకు మించి పెంచరాదని వైద్యులు చెప్పుదురు. కొందరు గది అద్దె మిగులునని పోఖరాలో తెల్లవారుజామున జీపు పట్టి ఏకబిగిని ఎగబ్రాకుదురు. జోమ్‌సోమ్ వద్ద ఒక రాత్రి బస చేసి, గుడి చూచిన వెంటనే క్రిందికి దిగివచ్చినవారికి ఎక్కువైనది ఒక్క గది అద్దె. తొందరపడి జబ్బుపడినవారిని హెలికాప్టరులో దింపవలసివచ్చిన ఖర్చు లక్షలలో నుండును; ఒక్కొక్కసారి ప్రాణమే దక్కదు. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు బయలుదేరుటకు ముందే వైద్యుని సలహా పొందవలెను. భీమా పత్రము తీసికొన్నచో అది అంత యెత్తునకు వర్తించునో లేదో చదివి చూడవలెను. చదువక సంతకము చేయుట భూమి పత్రమునందెంత ప్రమాదమో ఇచ్చటను అంతే.

ప్యాకేజీ యాత్రలను గూర్చి ఒక మాట. ‘అన్నియు కలిపి’ యను మాటను నమ్మక, కలియనివి యేవో వ్రాతపూర్వకముగా నడుగవలెను. జీపుకూలి, ప్రవేశరుసుము, బక్షీసులు కలిపిన పిమ్మట చౌకదే ప్రియమై తేలుట కలదు. మరియొకటి చాలమందికి తెలియదు. 2020 అక్టోబరు నుండి విదేశయాత్రా ప్యాకేజీలపై కంపెనీవారు ముందుగా కొంత పన్ను వసూలు చేసి ప్రభుత్వమునకు కట్టుచున్నారు. రేటు పలుమార్లు మారినది. అది పోయిన సొమ్ము గాదు; యాత్రికుని పాన్ సంఖ్య క్రింద జమయై యుండును. పన్ను కట్టవలసినంత ఆదాయము లేనివాడు రిటర్ను దాఖలు చేసి తిరిగి పొందవచ్చును. వ్యవసాయాదాయము మాత్రమే గల రైతు సాధారణముగా రిటర్ను వేయడు గనుక ఆ సొమ్ము అడుగువాడు లేక అట్లే పడియుండును. హక్కుగల బాకీని వసూలు చేసికొనకపోవుటను దానమనుటకు వీలులేదు.

దూరదేశములకు పోవువారి లెక్క మరికొంత చిక్కైనది. ఐరోపాలోని షెంగెన్ దేశముల వీసా రుసుము 2024 జూన్‌లో 80 యూరోల నుండి 90 యూరోలకు పెరిగినది. వీసా నిరాకరించినను ఆ రుసుము తిరిగిరాదు. అందుచేత కాగితములు సరిగా నుంచుకొనుటయే మొదటి పొదుపు. కార్డుతో చెల్లించునపుడు పలు బ్యాంకులు మూడు, మూడున్నర శాతము వరకు అదనముగా పట్టుకొనును. లక్షకు 3,500 అన్నమాట. దుకాణములోని యంత్రము ‘రూపాయలలోనా, ఈ దేశపు నాణెములోనా?’ యని యడిగినచో, రూపాయలు కనబడుచున్నవి గదా యని సంబరపడక, ఆ దేశపు నాణెమునే యెన్నుకొనవలెను. రూపాయలలో చూపుటకు వారు మారకపు రేటులో తమ లాభమును కలుపుకొందురు. విమానపు టిక్కెట్లను విడివిడిగా కొన్నచో చౌకయే. అయితే మధురపూడి నుండి బయలుదేరు మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినపుడు, రెండవ కంపెనీకి ఆ బాధ్యత లేదు. మధ్య ఒక పూట వ్యవధి యుంచుకొననివాడు పసరు కరగిన ప్రవరుడే యగును.

సామాను మాట వచ్చినపుడు మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశమును తలపనివారు ఈ పశ్చిమగోదావరిలో నుండరు. మొగలితుర్రు నుండి సీమకు బయలుదేరిన ఆ మహానుభావుని ప్రయాణపు పాట్లు చదివి నవ్వినవారే, విమానాశ్రయములో పెట్టె తూకము హద్దుమీరినపుడు పదిమంది యెదుట పెట్టె విప్పి చీరలు, సున్నియుండలు వేరుచేయుచు కనబడుదురు. అధికబరువునకు కట్టు సొమ్ముతో ఆ సున్నియుండలు పిల్లలచేతనే అచ్చట చేయించుకొని తినవచ్చును. కాని తల్లిమనస్సు ఈ లెక్కకు లొంగదు. పోనిండు. ఇంటివద్దనే కాటాపై తూచుకొని పోయిన చాలును.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. వెంట సుమారు నూరుమంది పరివారము. అంతటి యాత్రలోను ఆయన మజిలీ మజిలీకి ఊరిపేరు, దూరము, నీటివసతి, దొరకు సరుకులు వ్రాసియుంచిరి. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్రచరిత్రయై అచ్చుపడినవి. రైలు లేని ఆ కాలమున వెనుక వచ్చువారికి ఆ గ్రంథము ఎంత ఉపకరించెనో ఊహింపవచ్చును. ఇంతమంది పరదేశములకు పోయివచ్చుచున్న ఈ గ్రామమున అట్టి పుస్తకమొక్కటియు లేదు. ప్రతి కుటుంబమును మరల మొదటినుండి మోసపోయి నేర్చుకొనుచున్నది.

రజతోత్సవ జ్ఞాపకముగా గ్రంథాలయమువారు ఒక బైండు పుస్తకమును బల్లపై నుంచెదరు. తేదీ, బయలుదేరిన ఊరు, చేరిన ఊరు, బండికూలి, బస, భోజనము, ఎక్కువైన ఖర్చు, ఎక్కువగుటకు కారణము అని యెనిమిది గడులు గీయబడియున్నవి. తిరిగివచ్చిన చందాదారులు ఎవరి యాత్ర వారు వ్రాయవలెను. పేరు వ్రాయనక్కరలేదు గాని, ఎనిమిదవ గడిని మాత్రము ఖాళీగా విడువరాదు.