నాలుగు జబ్బులు, నాలుగు చీటీలు, మనిషి ఒక్కరే

(చింతూరులో యువజన సమావేశంలో మాట్లాడిన మాటలు)



పోలవరం గురించో, పట్టాల గురించో మాట్లాడతానని అనుకుని ఉంటారు. ఇవాళ గుండె జబ్బు గురించి మాట్లాడతాను. ఇది కూడా మన హక్కుల విషయమే.

2016 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వి.ఆర్.పురం, చింతూరు మండలాల్లో కాళ్ళు వాచి మనవాళ్ళు చనిపోయారు. పేపర్లు దానికి "కాళ్ళ వాపు వ్యాధి" అని పేరు పెట్టాయి. కానీ కాళ్ళ వాపు వ్యాధి కాదు, లక్షణం. గుండె బలహీనపడినా, కిడ్నీ దెబ్బతిన్నా, రక్తం బాగా తగ్గినా, కాలేయం చెడినా, బి1 విటమిన్ లోపించినా కాళ్ళు వాస్తాయి. ఒకే మనిషిలో వీటిలో రెండు మూడు కలిసి ఉండొచ్చు కూడా. అప్పుడే వైద్యం చిక్కుపడేది.

డాక్టర్ "హార్ట్ ఫెయిల్యూర్" అంటాడు. ఫెయిల్ అన్న మాట వినగానే ఇంట్లోవాళ్ళు ఇక అయిపోయిందనుకుంటారు. గుండె ఆగిపోయిందని కాదు దాని అర్థం. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె తోడలేకపోతోందని. అప్పుడు నీరు కాళ్ళలో, పొట్టలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పడుకుంటే ఆయాసం వస్తుంది. రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునే పెద్దవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే, "వయసైపోయింది" అని వదిలేయకండి. ఆసుపత్రిలో చూపించండి.

ఒక పెద్దమ్మని అనుకుందాం. యాభై ఐదేళ్ళు. షుగర్, బీపీ, రక్తహీనత, ఇప్పుడు గుండె. షుగర్ గోలీలు 104 బండిలో తీసుకుంటుంది. బీపీవి పీహెచ్‌సీలో. గుండెవి మారేడుమిల్లి ఘాట్ దాటి రాజమండ్రిలోనో కాకినాడలోనో రాసిచ్చారు. మధ్యలో మోకాళ్ళ నొప్పులకి భద్రాచలంలో చూపించుకుంది. 2014లో మన మండలాలు ఆంధ్రలో కలిశాక అది పక్క రాష్ట్రమైపోయింది. నాలుగు చోట్ల నాలుగు చీటీలు. ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు.

వీటికి తోడు ఊళ్ళో నొప్పుల సూది. నేను గట్టిగా చెప్పాలనుకున్నది దీని గురించే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. గుండె బలహీనంగా ఉన్న మనిషికి అవి పడితే రెండు మూడు రోజుల్లోనే వాపు, ఆయాసం పెరగొచ్చు. సూది వేసే ఆయన మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, రాత్రి పన్నెండుకి తలుపు తీసేది ఆయనే. ఆయన దగ్గర కూర్చుని, "మా పెద్దమ్మకి గుండె జబ్బు ఉంది, ఈ సూది వద్దు" అని ముందే చెప్పి పెట్టండి.

ఇంకోటి, నీరు దిగే గోలీ. లాసిక్స్ అంటారు. వేసుకుంటే మాటిమాటికీ ఒంటేలుకి పోవాలి. సంత రోజు జీపులో కూర్చుని ఆడమనిషి ఏం చేస్తుంది? అందుకే మానేస్తుంది. మానేసిందని తిట్టకండి. సంత నుంచి వచ్చాక వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. చాలామందికి వేళ మార్చుకోవచ్చంటారు. ఈ మాట అడిగేవాళ్ళు లేక ఎంతమంది మళ్ళీ ఆసుపత్రిలో పడుతున్నారో!

ఉప్పు సంగతి మీకు తెలుసు. ఎండు చేపలు లేకుండా మనకి వానాకాలం గడవదు. కానీ ఈ జబ్బున్నవాళ్ళకి ఆ కూర వేరుగా పెట్టాలి. ఊళ్ళో ఒక బరువు మిషన్ ఉండాలి. పొద్దున లేచి, ఒంటేలుకి పోయి వచ్చి, ఏమీ తినకముందు బరువు చూడాలి. గోడ మీద బొగ్గుతో రాసినా చాలు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయాసం ముదిరేదాకా ఆగకుండా ఆ రోజే ఆశా అక్కకి చెప్పాలి. వాంతులు విరేచనాలు పట్టుకుంటే బీపీ గోలీలు, నీటి గోలీలు అలాగే మింగించకుండా ఫోన్ చేసి అడగాలి, కిడ్నీ అక్కడే చెడిపోతుంది.

డోలీ గురించి ఒక మాట. ఆయాసపడే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి మోయొద్దు. కర్రకి కుర్చీ కట్టి, కూర్చోబెట్టి మోయండి.

మందుల్లో ఒకదాని పేరు గుర్తుపెట్టుకోండి: డాపాగ్లిఫ్లోజిన్. షుగర్ మందుగా వచ్చింది. గుండె బలహీనతకి పనికొస్తుందని 2019లో, కిడ్నీకి కూడా మేలు చేస్తుందని 2020లో పెద్ద పరిశోధనల్లో తేలింది. మన దేశంలో 2020లో పేటెంట్ అయిపోయాక చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర పడిపోయింది. అందరికీ సరిపడదు, తిండి సరిగా లేనప్పుడు, జ్వరంలో జాగ్రత్త కావాలి, డాక్టరే చెప్పాలి. అయినా మూడు జబ్బులకి పనిచేసే గోలీ మన పీహెచ్‌సీలో ఉందా లేదా అని అడిగే హక్కు మనకుంది.

తిరువనంతపురంలో 2013లో ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరిన పన్నెండు వందల మందిని లెక్క తీశారు. ఏడాది తిరిగేసరికి ఇంచుమించు మూడోవంతు మంది లేరు. అది కేరళ నగరం, రోడ్లూ ఆసుపత్రులూ ఉన్న చోటు. మరి 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, శబరి ఎగదన్ని, మన రోడ్లు మునిగిపోయినప్పుడు నెల గోలీలు అయిపోయినవాళ్ళు ఎక్కడికి పోవాలి?

అందుకే ఈ గ్రామసభల్లో మూడు తీర్మానాలు రాయిద్దాం. జూన్ దాటకముందే బీపీ, షుగర్, గుండె రోగులందరికీ మూడు నెలల మందులు ఇంటికి చేరాలి. ప్రతి ఊళ్ళో ఆశా దగ్గర బరువు మిషన్, బీపీ మిషన్ ఉండాలి. నెలకొకసారి ఒకే డాక్టర్ నాలుగు చీటీలూ ముందు పెట్టుకుని ఒక్క చీటీగా తిరగరాయాలి. తీర్మానాల కాపీలు ఐటీడీఏ పీఓకి ఇచ్చి రసీదు తీసుకుందాం.

ఈలోపు మీరు ఇంటికి వెళ్ళి మీ పెద్దవాళ్ళ గోలీల సంచి ఒకసారి బయటికి తీయండి. కవర్లన్నీ, చీటీలన్నీ నేల మీద పరిచి ఫోటో తీయండి. వచ్చే మీటింగ్‌కి ఆ ఫోటోలు తీసుకురండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.